ఫైళ్ల జాబితా నత్తనడక నడుస్తుంటే

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో సభ్యులు అప్‌లోడ్ చేసిన ఫైళ్లకు పేరు, రకం, సైజు, పేజీల సంఖ్య, చిన్న బొమ్మ చూపిస్తున్నాం. ఫైళ్లు వేలల్లోకి వెళ్లాక జాబితా పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. కొన్ని వర్డ్ ఫైళ్లు జిప్ అని కనబడుతున్నాయి. ఈ పని దశలవారీగా జరిగే పైప్‌లైన్ ఎలా కట్టుకోవాలి?

జవాబు: జాబితా తెరిచిన ప్రతిసారీ మీ ప్రోగ్రామ్ ఫైళ్లనే తెరిచి చదువుతున్నట్టుంది. ఫైలు వచ్చినప్పుడు ఒక్కసారి చదివి, వివరాలను డేటాబేస్ పట్టికలో రాసిపెట్టండి. జాబితా ఆ పట్టికనే చూడాలి, ఫైలు జోలికి పోకూడదు.

అప్‌లోడ్ పూర్తికాగానే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కగట్టి (ఫైలులోని సమాచారానికి వేలిముద్ర లాంటి విలువ ఇది), ఆ 64 అక్షరాల విలువనే స్టోరేజ్‌లో ఫైలు పేరుగా పెట్టండి. అదే ఫైలు ఇంకొకరు ఎక్కించినా రెండో కాపీ పడదు. కాకపోతే ఒకరు తొలగించినప్పుడు, పట్టికలో ఇంకే వరుసా దాన్ని వాడటం లేదని తేలాకే అసలు ఫైలు తీసేయాలి.

సభ్యులు పెట్టిన పేరు పట్టికకే పరిమితం. తెలుగు పేర్లకు ఇది మరీ అవసరం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌ట్4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు కాబట్టి 85 కోడ్‌లకే నిండిపోతుంది, గుణింతపు గుర్తులూ పొల్లులూ విడిగా లెక్కే. పేరును, ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే కోడ్‌ల వరుసగా ఉంచే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చి దాచండి. ఐత్వం ఒకే కోడ్‌గానూ, రెండు ముక్కలుగానూ రావచ్చు. కంటికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు.

రకం విషయంలో ఎక్స్‌టెన్షన్‌ను, బ్రౌజర్ చెప్పేదాన్ని నమ్మకండి, రకాన్ని తెలిపే ఫైలు మొదటి బైట్లు చూడండి. వర్డ్ వాడే డాక్ఎక్స్ ఫైలు నిజానికి జిప్ మూటే, అందుకే అక్కడితో ఆగితే జిప్ అనే తేలుతుంది. లోపల వర్డ్ ఫోల్డర్‌లో డాక్యుమెంట్ ఎక్స్ఎమ్ఎల్ ఉందేమో చూడాలి.

పేజీల లెక్క, చిన్న బొమ్మ క్యూలో (పనులు వంతు కోసం ఆగే చోట) వేసి వేరే వర్కర్‌కు (వెనక విడిగా నడిచే ప్రోగ్రామ్‌కు) అప్పగించండి. దానికి సమయానికీ మెమరీకీ హద్దు తప్పనిసరి. ఫైలుగా చిన్నదే అయినా 30,000 × 30,000 పిక్సెళ్ల పీఎన్‌జీ, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున విప్పితే 3.6 జీబీ అవుతుంది. వర్కర్ మధ్యలో ఆగిపోతే క్యూ అదే పనిని మళ్లీ ఇస్తుంది, కనుక కొత్త వరుస చేర్చకుండా ఉన్న వరుసనే సరిదిద్దేలా రాయండి. బొమ్మ తయారవకపోయినా ఫైలు జాబితాలో కనబడాల్సిందే.

జాబితాను పేజీలుగా విడగొట్టడానికి ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వరుసలు దాటేసి తర్వాతవి ఇవ్వమనడం) వాడకండి. మధ్యలో కొత్త ఫైలు చేరితే వరుసలు జరిగి, చూసిన ఫైలే మళ్లీ వస్తుంది. పైగా దాటేసే వరుసలనూ డేటాబేస్ లెక్కపెట్టుకుంటూ పోవాలి. చివరగా చూపిన ఫైలు సమయం, ఐడీ పట్టుకుని అంతకన్నా పాతవి అడగండి. ఆ రెండింటి మీద కలిపి ఒక ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతికేందుకు సూచిక) వేయండి.