ఆ ఒక్క బకెట్

చిట్టీ,

పార్కింగ్‌కి పెర్వియస్ కాంక్రీట్, అదే వాన నీరు కిందికి దిగిపోయే కాంక్రీట్, నువ్వే దగ్గరుండి పోయిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఫోన్ పెట్టేశాక ఒక్కడినే కాసేపు నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

దగ్గర్లో దొరికే కంకరే వాడు. 10 ఎం.ఎం. చాలు, కానీ ఇంచుమించు అంతా ఒకే సైజు ఉండాలి. డస్టు పోయేదాకా కడిగించు. సిమెంటు ఒక కిలోకి కంకర నాలుగు, నాలుగున్నర కిలోలు. ఇసుక జోలికి పోకు. ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమల్లా నీళ్లే.

నేను మొదటిసారి పోయించినప్పుడు కలిపిన మాలు మిల్లర్‌లోంచి పొడిపొడిగా పడింది. "ఇది అతుక్కుంటుందా సార్?" అన్నాడు మేస్త్రి. నాకూ గుండె దడ. ఒక్క బకెట్ నీళ్లు ఎక్కువ పొయ్యమన్నాను. తర్వాతి ట్రిప్పుకీ ఒక్కటే. పని ఎంత సాఫీగా సాగిందో! పైన తాపీతో నున్నగా తీస్తుంటే ఆపలేదు సరికదా, శభాష్ అన్నాను. బలం 15 ఎంపీఏ (మెగాపాస్కల్) వస్తే చాలనుకుంటే, పరీక్షకి అచ్చులో పోసిన క్యూబులు 28 రోజులకి 24 చూపించాయి. పొంగిపోయాను, మూర్ఖుణ్ణి. నీరు దిగాల్సిన రాళ్ల మధ్య ఖాళీలు పూడితే తప్ప అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందని తట్టనే లేదు.

తొలి వానకే మడుగు కట్టింది. మూల ఒక ముక్క పగలగొట్టించాను. పైపొర మూసుకుపోయింది. మధ్యలో రాళ్లు వేలితో గీకితే రాలుతున్నాయి. అడుగున రెండు వేళ్ల మందాన సిమెంటు పలక. గుజ్జంతా జారి అక్కడ చేరింది. మొత్తం తవ్వించి పారేశాం.

అందుకే మేస్త్రి ఎంత బతిమాలినా ఒప్పుకోకు. సిమెంటు బరువులో 0.27 నుంచి 0.34 వంతు నీళ్లు, అంతే. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద విడిపోకూడదు, అరచేతిలో గుజ్జు కారకూడదు. రాళ్లు తడిగా మెరవాలి. ఖాళీలు 15 నుంచి 25 శాతం ఉంటే నీరూ దిగుతుంది, కార్లకి సరిపడా బలమూ ఉంటుంది. లారీలు ఎక్కనివ్వకు. క్యూబ్‌ని నమ్ముకోకు, అచ్చులో కూరినట్టు నేలమీద ఎవరూ కూరరు. తడి మాలు బరువు తూచు. ఘనపు మీటరుకి 2000 కిలోలు దాటుతోందంటే ఖాళీలు పూడుతున్నట్టే, పని ఆపి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

రోలర్ తిప్పిన వెంటనే పాలిథిన్ కప్పించు, ఏడు రోజులు తియ్యకు. ఎండలో నిలబడి నువ్వు సొమ్మసిల్లకు. చిన్నప్పుడు ఇసుక గుట్టమీద ఆడి జ్వరం తెచ్చుకున్నది నువ్వే కదా.

అసలు పనికి ముందు చిన్న పలక ఒకటి పోయించి, ఆరాక బిందెడు నీళ్లు కుమ్మరించి వీడియో పంపు. సైటుకి వెళ్లొద్దని మీ పెద్దమ్మ ఒట్టు వేయించుకుంది గానీ, చూడొద్దనలేదు.

నీ పెదనాన్న