ఆ అమ్మాయిని ఇంతగా ఏడిపించకు

చిరంజీవికి ఆశీస్సులు.

అన్నను పోగొట్టుకున్న పదిహేనేళ్ల అమ్మాయి మీద నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం నీకు బాగానే లొంగింది. నా పేచీ అంతా ఆమె ఏడుపుతోనే. మొదటి పేజీలో మొదలుపెట్టి ఆఖరిదాకా ఆపలేదు. ఆ వయసు పిల్లలు పొద్దున స్నేహితులతో పడీపడీ నవ్వి, సాయంత్రం గది తలుపేసుకుంటారు. ఆ నవ్వు చూసి పెద్దలు ‘మరిచిపోయింది’ అనుకుంటారు. నవ్వినందుకు తనను తానే తిట్టుకుంటుంది ఆ పిల్ల. దుఃఖంలో ఉన్నవాళ్లు పోయిన మనిషి వైపూ, మిగిలిన బతుకు వైపూ మార్చి మార్చి తిరుగుతుంటారని మనస్తత్వ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో రాశారు. నీ కథ ఉండాల్సింది ఆ తిరుగుడులోనే.

నువ్వేమో నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అంటూ వరుస పేర్చావు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదు దశలు చెప్పింది చావుకు చేరువైన రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లు వాటిని వరుసగా దాటాలన్న నియమమేమీ లేదు.

పరామర్శకు వచ్చినవాళ్లను మాత్రం ఊరికే కూర్చోబెట్టావు. వాళ్లు ఆమెతో ఏమంటారు? ‘అమ్మానాన్నలను ఇక నువ్వే చూసుకోవాలి’ అంటారు. నువ్వెలా ఉన్నావని అడిగేవారు అరుదు. తన ఏడుపు చూస్తే అమ్మ ఇంకా కుంగిపోతుందని ఆమె దాన్ని దాచుకుంటుంది. అది చదువులో, నిద్రలో, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడంలో బయటపడుతుంది.

అన్నను కూడా దేవుణ్ని చేశావు. ఇంట్లోవాళ్లు అలా చేస్తారు, నిజమే. కానీ వాడు అబద్ధాలాడేవాడనీ, తన డబ్బు కాజేసేవాడనీ ఆమెకొక్కదానికే తెలుసు. అమ్మానాన్నల మీద చాడీలు చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క తోడు వాడు. ‘నువ్వు లేకపోతే బాగుండు’ అని ఎప్పుడో అనే ఉంటుంది. అనని తోబుట్టువులుంటారా? ఇప్పుడా మాట ఎవరికి చెప్పుకోవాలి?

ఎవరైనా ‘మీరెంతమంది?’ అని అడిగితే ఆమె ఏం చెబుతుందో రాయి. ఏదో ఒక పుట్టినరోజుకు ఆమె అన్న వయసు దాటిపోతుంది, ఆ రోజూ రాయి. నువ్వు కథను మూడు నెలల్లో ముగించావు గానీ, ఈ దుఃఖం ఏళ్ల తర్వాత కూడా మళ్లీ వస్తుంది.

కౌన్సెలర్ ఒక్క మాటతో ఆమెను బాగుచేసిన ఆఖరి పేరా కొట్టేయి. కౌన్సెలర్‌ను ఉంచు, ఆ మాట వద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె నోరు విప్పకపోయినా ఫరవాలేదు. తిరగరాశాక మళ్లీ పంపు.