ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పెట్టిన తాడుతో కొండ ఎక్కవచ్చా?

మీ నైలాన్ తాడు ఆరు నెలలు ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన ఉందని, పైకి మరక కూడా కనిపించడం లేదని, ఉతికి వాడుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. ఉతికినా వద్దు.

భువనగిరి కోట రాతి మీద సాధన చేసే రోజుల్లో నా 60 మీటర్ల తాడు కారు డిక్కీలోనే ఉండేది. ఒకసారి పాత బ్యాటరీని కూడా అందులోనే పెట్టి దుకాణానికి తీసుకెళ్లాను. కొన్ని వారాల తరువాత, ఎక్కే ముందు తాడంతా తడిమి చూస్తుంటే ఒకచోట జానెడు మేర బిరుసుగా తగిలింది. రంగు కాస్త వెలిసింది, అంతే. అక్కడ వంచి గోటితో గీకితే పై అల్లిక పొడిపొడిగా రాలింది. అంతకు ముందు ఆదివారమే నా మిత్రుడు ఆ తాడు మీద వేలాడుతూ దిగాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. నైలాన్ పోగులోని పొడవాటి అణు గొలుసులను అది లంకెల దగ్గరే తెంచేస్తుంది. నీరు ఆవిరైనా ఆమ్లం ఆవిరి కాదు, ఆరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బ్యాటరీ నీళ్లు చిందిన నూలు ప్యాంటుకు ఉతికాక గాని చిల్లులు బయటపడవు, చూసే ఉంటారు. తాడు విషయంలో ఆ చిల్లు కొండ మీద బయటపడుతుంది. ఉతికితే ఆమ్లం పోవచ్చు, తెగిన గొలుసులు అతుక్కోవు. కొత్త తాడు 80 కిలోల బరువు పడితే కనీసం 5 సార్లు తట్టుకోవాలన్నది ప్రమాణం. మీ తాడు ఇప్పుడు ఎన్నిసార్లు తట్టుకుంటుందో తెలుసుకోవాలంటే దాన్ని తెంపి చూడడం తప్ప దారి లేదు.

పెట్రోలు, డీజిలు చుక్కలు పడితే నైలాన్‌కు అంత నష్టం ఉండదు. బాత్రూములు కడిగే యాసిడ్, బ్లీచింగ్ మాత్రం ప్రమాదమే, మెట్ల కింద గదిలో ఇవన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. తాడు మధ్యలో గుర్తుకు ఏదో ఒక మార్కర్ పెన్ను గీయడం కూడా మానండి. తయారీదారు ఒప్పుకున్న సిరానే వాడాలి.

ఈ తాడును ఎవరికీ ఇవ్వకండి. బారెడు బారెడు ముక్కలుగా కోసేయండి, మీకు తెలియకుండా మరొకరు నడుముకు కట్టుకోకుండా. కొత్తది కొన్నాక గుడ్డ సంచిలో వేసి బీరువా పైన పెట్టుకోండి.