జన్యు చికిత్స వ్యాసం పంపిన యువ రచయితకు

యువమిత్రునికి ఆశీస్సులు.

మీరు పంపిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. పార్వో సోకిన కుక్కపిల్ల గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివి, చూసింది చూసినట్టు రాయడం మీకు వచ్చునని సంతోషించాను. అయితే మూడో పేజీలో, వైరాలజీ శాస్త్రవేత్త కెన్నెత్ బర్న్స్ గురించి “జన్యు వ్యాధులను రూపుమాపాలని బాల్యం నుంచే కలలుగన్న మహనీయుడు” అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం లేకపోతే బహుశా ఒక కార్డు ముక్కతో సరిపెట్టేవాణ్ణి.

బర్న్స్ 1938లో పుట్టారు. డీఎన్ఏ నిర్మాణం లోకానికి తెలిసింది 1953లో. ఆయన బాల్యంలో జన్యువును సరిచేయాలని కలగనడానికి జన్యువు ఎలా ఉంటుందో తెలిసినవారే లేరు. ఇది తేదీల లెక్కతో తేలిపోయే విషయం కాబట్టి సులువు. అంతకంటే లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. మనకు ఈనాడు తెలిసిన ఫలితాన్ని ఆనాటి మనిషి మనసులో పెట్టి రాస్తే, ఆయన నిజంగా తలపట్టుకుని కూర్చున్న ప్రశ్న కథలోంచి మాయమవుతుంది. మీ వ్యాసంలో సరిగ్గా అదే జరిగింది. పుట్టుక ఉంది, పదవులు ఉన్నాయి, మందు ధర ఉంది. ప్రయోగం ఒక్కటీ లేదు.

ఆ ప్రశ్న ఏమిటో చెబుతాను. 1965లో పిట్స్‌బర్గ్‌లో ఆచిసన్ బృందం అడినోవైరస్ నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తూ, వాటి మధ్య మరీ చిన్న కణాలను గమనించింది. అవి అడినోవైరస్ తోడు లేకుండా పెరగవు, మనుషులకు జబ్బు తెచ్చిన దాఖలా లేదు. వాటికి అడినో అసోసియేటెడ్ వైరస్, పొట్టిగా ఏఏవీ, అని పేరు పెట్టారు. పార్వోవైరస్‌ల కుటుంబంలో చేరిన ఈ వైరస్ డీఎన్ఏను బయటికి తీసి చూస్తే జతకట్టిన రెండు పోచలు, అంటే దారపు పోగుల్లాంటి రెండు గొలుసులు, కనిపించేవి. కానీ అంత డీఎన్ఏ అంత చిన్న కణంలో ఇమడదని లెక్కలు చెప్పేవి. చూసిన దానికీ లెక్కకూ పొత్తు కుదరలేదు.

1969లో రోజ్, బర్న్స్, హొగ్గన్, కోజోట్ ప్రచురించిన ప్రయోగాన్ని మీరు కాగితం మీద బొమ్మ వేసుకుని చదవండి. కొంత వైరస్‌ను బ్రోమోడీఆక్సీయూరిడిన్ అనే పదార్థంతో పెంచారు; దానివల్ల డీఎన్ఏ బరువెక్కుతుంది. మరికొంత వైరస్‌ను మామూలుగా పెంచారు. రెండింటినీ కలిపి, ఆ తరువాతే వైరస్ కణాలను పగలగొట్టి, డీఎన్ఏను సాంద్రతను బట్టి విడదీశారు. ప్రతి కణంలో రెండు పోచలూ ముందే జతకట్టి ఉంటే బరువైనది ఒకచోట, తేలికది ఒకచోట చేరాలి, మధ్యలో ఏమీ ఉండకూడదు. మధ్యలోనే కనిపించింది. గుడి బయట చెప్పుల సంచులన్నీ ఒకేచోట గుమ్మరించినప్పుడు నల్ల చెప్పుకు ఎర్ర చెప్పు జతగా దొరికిందంటే, ఒక్కో సంచిలో ఒంటి చెప్పే ఉండి ఉండాలి కదా! ఒక పోచ కొన్ని కణాల్లో, దానికి జోడైన పోచ వేరే కణాల్లో ఉంటున్నాయి. బయటికి వచ్చాకే అవి జతకడుతున్నాయి. అంతవరకూ అందరూ చూసిన జంట పోచ, చూడబోయినవారి చేతుల్లోనే తయారైనది.

ఇందులో జన్యు చికిత్స ఊసు ఎక్కడుంది? ఎక్కడా లేదు. అయినా ఈ సంగతి తెలియకపోతే మీరు శీర్షికలో పెట్టుకున్న “16 కోట్ల ఇంజెక్షన్” ఎలా పనిచేస్తుందో రాయలేరు. ఆ మందులో జన్యువును రోగి శరీరంలోకి మోసుకెళ్ళేది ఏఏవీయే. అది మోసుకువచ్చేది ఒక్క పోచే కనుక, రోగి శరీర కణంలోకి చేరాక దానికి జోడు పోచ తయారయ్యేదాకా జన్యువు పని మొదలవదు, చాలా సందర్భాల్లో ఆ ఆలస్యమే అసలు అడ్డంకి అవుతుంది. 2001లో మెకార్టీ, సముల్‌స్కీ ప్రభృతులు నార్త్ కరోలినాలో దీనికి దారి కనిపెట్టారు: రెండు పోచలనూ ఒకే పొడవు మీద రాసి, అది తనమీద తానే మడతపడి జతకట్టేలా చేశారు. దానికి మూల్యం ఏమిటంటే, అసలే సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలు పట్టే చోటు సగానికి తగ్గిపోతుంది. వెన్నెముక కండర క్షీణత వ్యాధిలో లోపించే ఎస్ఎంఎన్ ప్రోటీన్ చిన్నది, దాన్ని తయారుచేసే సమాచారం 900 అక్షరాల లోపే, అందుకని ఆ సగం చోటులోనూ ఇమిడింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన జోల్జెన్‌స్మా, అంటే మీ “16 కోట్ల ఇంజెక్షన్”, ఈ పద్ధతిలో చేసినదే. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా ఏ రోగులకు కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువుకైతే, అందులో పెద్ద భాగం కత్తిరించినా, మామూలు ఏఏవీలోనే ఇరుకవుతుంది. చూశారా, ఏ రోగికి ఏ మందు సాధ్యమో నిర్ణయిస్తున్నది మీరు వదిలేసిన ఆ 1969 నాటి విషయమే.

మీ తప్పు మీ ఒక్కరిదే అనను. మా రోజుల్లో ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు ఉండేవాడు. నేను ఏ శాస్త్ర వ్యాసం ఇచ్చినా, ప్రయోగం ఎలా చేశారో చెప్పే పేరాను ఎర్ర సిరాతో కొట్టేసి, “పాఠకుడికి ఇవన్నీ ఎందుకండీ, చివరికి ఏమైందో చెప్పండి చాలు” అనేవాడు. ఏఏవీ గురించి రాసి తీసుకెళితే, ఇందులో మనవాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగాడు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన పూర్తిచేసి అమెరికా వెళ్ళిన అరుణ్ శ్రీవాస్తవ, 1983లో లస్బీ, బర్న్స్‌లతో కలిసి ఆ వైరస్ పూర్తి జన్యు క్రమాన్ని ప్రచురించారని చెప్పాను. ఆయన తెలుగువారు కాదని తెలిశాక ఆ వ్యాసం బల్ల సొరుగులోకి వెళ్ళింది. వ్యక్తి ఊరూ పేరూ ఉంటేనే శాస్త్రం అచ్చువేస్తామనే ఆ జబ్బు నేటికీ తగ్గలేదు. దానికి తోడు ఇప్పుడు ధర కూడా శీర్షికకెక్కాలి.

మరో సంగతి. మీ కథనంలో బర్న్స్ మార్గం తిన్నగా చికిత్స వైపు సాగిన రహదారిలా ఉంది. కాదండీ. 1970లలో ఆయన వెంటపడింది, తోడుండే అడినోవైరస్ లేనప్పుడు ఏఏవీ ఎక్కడ దాక్కుంటుందన్న ప్రశ్న. అది తనకు ఆతిథ్యమిచ్చిన కణపు డీఎన్ఏలో కలిసిపోయి ఉంటుందని 1975లో ఆయన బృందం చూపింది. ఆ చేరిక ఎక్కువగా 19వ క్రోమోజోమ్‌లో ఒకేచోట జరుగుతుందని 1990లో కొటిన్, బర్న్స్ తదితరులు తెలిపారు. జన్యువును ఎప్పుడూ ఒకే చోట స్థిరంగా నిలిపే వైరస్ దొరికిందని ఎందరో ఆశపడ్డారు. తీరా జన్యువును మోసుకెళ్ళే వాహకంగా మలచడానికి వైరస్ సొంత జన్యువులను తీసేస్తే, ఆ చోటును గుర్తుపట్టే రెప్ ప్రోటీన్లు కూడా పోయాయి. నేటి వాహకాల డీఎన్ఏ చాలావరకు క్రోమోజోమ్‌లో చేరకుండా విడిగానే ఉండిపోతుంది. మొదట ఆకర్షించిన గుణం లేకుండానే ఏఏవీ పనికొచ్చింది. ఇలాంటి మలుపు చేతికి దొరికినప్పుడు దాన్ని చదునుచేసి రాయడం నేను సహించలేను.

1982 నాటి పనిని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆనాడు ఫ్లోరిడాలో విద్యార్థిగా ఉన్న సముల్‌స్కీ, బర్న్స్, టాన్, ముజిచ్కాలు వైరస్ డీఎన్ఏను బాక్టీరియాలో ఉండే ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టి, ఆ ప్లాస్మిడ్‌ను మానవ కణాల్లోకి పంపి, అడినోవైరస్ తోడిస్తే, అందులోంచి సజీవమైన ఏఏవీ తిరిగి వచ్చింది. దానితో ఈ వైరస్‌ను కావలసినట్టు కత్తిరించి అతికించడం సాధ్యమైంది. 1984లో హెర్మొనాట్, ముజిచ్కా అందులో పరాయి జన్యువును పెట్టి చూపారు. మీ వ్యాసానికి నడుమ భాగం ఇదే కావాలి.

నేను ఇవన్నీ నేర్చుకున్న రోజుల్లో ఇంటర్నెట్ లేదు. పత్రికలో వ్యాసం పేరు చూసి, రచయితకు కార్డు రాస్తే, కొన్ని నెలలకు ఆయన పంపిన ప్రతి సముద్రం మీద వచ్చేది, కొన్ని అసలు వచ్చేవే కావు. విశాఖపట్నంలో ఒక పరిచయస్తుడైన వైద్య విద్యార్థి గ్రంథాలయంలో కూర్చుని పట్టికలు చేత్తో రాసిపెట్టేవాడు. జీతం రాని నెలల్లో స్టాంపుల ఖర్చు గురించి ఇంట్లో మాటలు పడ్డాను. ఈనాడు మీరు ఆ 1969 పత్రాన్ని నిమిషంలో తెరవగలరు. తెరవలేదన్నదే నా కోపం.

ఇక దిద్దుకోవలసిన పొరపాటు ఒకటుంది. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మరణించిన 18 ఏళ్ళ జెస్సీ గెల్సింగర్‌కు ఏఏవీ ఇచ్చారని రాశారు. ఆ యువకుడికి ఇచ్చినది అడినోవైరస్ వాహకం. పేర్లు దగ్గరగా ఉన్నాయి కానీ అవి రెండూ వేర్వేరు కుటుంబాల వైరస్‌లు. అక్కడ నింద వేసి, తరువాతి పేజీలో ఏఏవీ “ఏ హానీ చేయని వైరస్” అనడం ఇంకా చిత్రం. ప్రకృతిలో అది జబ్బు తేదన్నది ఒక మాట, దాన్ని అపారమైన మోతాదులో నరంలోకి ఎక్కించడం మరో మాట. 2020లో ఒక అరుదైన కండర వ్యాధికి అధిక మోతాదు ఏఏవీ తీసుకున్న పిల్లల్లో కొందరు కాలేయం దెబ్బతిని మరణించారు. ఈ రెండు మాటలకూ మీ వ్యాసంలో చోటివ్వండి.

పరిభాష సంగతీ, పుస్తకం ఎవరు వేస్తారన్న సంగతీ అడిగారు. వాటి గురించి మాట్లాడే ఓపిక ఈ పూట లేదు. ముందుమాట మాత్రం ఎవరికీ రాయడం లేదు. ధర గురించిన పేరాను చివరికి తీసుకెళ్ళి, 1969తో మొదలుపెట్టి మళ్ళీ రాసి నాకు పంపండి. గెల్సింగర్ పేరా సరిచేసేదాకా ఏ పత్రికకూ పంపకండి.