నాన్న గురించి రాయబోయే ముందు

చిట్టితల్లీ,

సంవత్సరీకానికి నాన్న మీద చిన్న పుస్తకం వేస్తున్నామని, ముందుమాట నువ్వే రాయాలని అందరూ నీ మీద పడ్డారని చెప్పావు కదా. పంపింది చదివాను. బాగాలేదు. కోపం తెచ్చుకోకు, బెంగళూరులో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సైకాలజీ చదివేటప్పటి నుంచీ వాడితో ఒకే గదిలో పడి ఉన్నవాణ్ణి, ఆ చనువుతో అంటున్నా. పుట్టిన ఊరు, డిగ్రీలు, వెళ్లిన పదకొండు దేశాలు... ఇది బయోడేటా. ఉద్యోగానికి పంపుకోవచ్చు.

ముందు ఆ దేశాల జాబితా కొట్టెయ్. ఒక్కో ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఇంట్లో ఏం చేశాడో గుర్తు తెచ్చుకో. జెనీవా నుంచి వచ్చిన రోజు పెట్టెలు కూడా విప్పకుండా, వెడల్పు గిన్నెలో నీళ్లు నీ కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులోకి పోసి, ఇప్పుడు నీళ్లు పెరిగాయా తగ్గాయా అని అడిగాడు, నువ్వు పెరిగాయన్నావు, వాడు అదేదో లాటరీ తగిలినట్టు మీ అమ్మని కేకేశాడు. ఆ ఊళ్లో పియాజే అనే పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలతో చేయించిన పరీక్ష అది. ఆయన తన ముగ్గురు పిల్లల్నీ పసితనం నుంచే గమనించి రాసుకున్న మనిషి. మీ నాన్నకి ఆయన పిచ్చి. ఇది రాస్తే జెనీవా దానంతటదే వస్తుంది.

వాడు రాసిన ఉత్తరాలు మీ అమ్మ బీరువాలో ఉండాలి, అడుగు. అమెరికాలో పేరున్న సైకాలజిస్టు విలియం జేమ్స్ చనిపోయిన పదేళ్లకి, 1920లో, ఆయన పెద్దకొడుకు హెన్రీ తండ్రి ఉత్తరాలు పోగేసి రెండు సంపుటాలుగా వేశాడు. ఇరవై మూడేళ్ల వయసులో అమెజాన్ యాత్రకని బ్రెజిల్ వెళ్లి, అక్కడ జబ్బుపడి, అసలు ఇలా రావడమే పొరపాటని ఇంటికి రాసుకున్న కుర్రాడు కనిపిస్తాడందులో. అలాంటి ఉత్తరాలు మీ నాన్నవీ ఉంటాయి, తిండి పడలేదు, మీరంతా గుర్తొస్తున్నారు అంటూ. అవే వాడు. తేదీలకి మాత్రం పాత పాస్‌పోర్టుల్లో స్టాంపులు చూసుకో, అమ్మ చెప్పే ఏళ్లు నమ్మకు, ఆవిడ లెక్కంతా మీ అన్నయ్య పుట్టకముందు, పుట్టాక.

ఇక పేషెంట్లు. ఒక్కరు కూడా వద్దు. పేరు మార్చి రాశానంటావు, మన ఊరంత ఊళ్లో పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగుతాడా? 2017 మానసిక ఆరోగ్య చట్టంలో పేషెంటుకి గోప్యత హక్కని ఇప్పుడు రాసి పెట్టారు గానీ, అది రాకముందు నుంచే, రెండు పెగ్గులు పడ్డాక కూడా నా దగ్గర ఒక్క పేరు ఎత్తలేదు వాడు. టేబుల్ సొరుగులో నోటుపుస్తకాలుంటే తెరవకు. పదకొండో రోజున గేటు బయట నిలబడి, "సారు దగ్గరికి వచ్చేవాణ్ణండీ" అని లోపలికి రాకుండానే వెళ్లిపోయాడే, అతన్నీ వదిలెయ్. నాకూ రాయాలనే ఉంటుంది, అయినా వద్దు.

మందులు రాసేది సైకియాట్రిస్టు, నేను కాదు మొర్రో అని మీ నాన్న ఎన్నేళ్లు చెప్పినా మీ అత్తయ్యలు నిద్రమాత్రలు అడగడం మానలేదు, అది రాయి, నవ్వుకుంటారు.

నువ్వు ఇంటర్ తప్పినప్పటి సంగతి ఎందుకు వదిలేశావు? ఊళ్లో పిల్లలందరి గోడూ గంటలకొద్దీ వినే మనిషి, సొంత కూతురితో వారం రోజులు మాట్లాడలేకపోయాడు. కోపం కాదమ్మా అది. ఏం మాట్లాడాలో తెలియట్లేదురా అని నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. రాస్తావో లేదో నీ ఇష్టం.

అమ్మని వంట పనిలో ఉండగా అడగకు, సాయంత్రం కాఫీ అయ్యాక అడుగు. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకో.

మరో మాట, మూడో పేజీలో "నాన్న, జెనీవా" అని పెట్టిన ఫొటో మార్చు. అది బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని గాజుమేడ, ఆ కోటులో ఉన్నది నేను.

బాబాయ్