రాత్రి పాలు, బాటిల్ ఎలా మాన్పించాలి? మా పాప విషయంలో మేం చేసింది

ఇరవై నెలల బాబు, పగలు రెండు బాటిళ్ళు, రాత్రి మూడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచిపోతాడు. బాటిల్ ఆపేస్తే ఆ కాస్త బలం కూడా ఉండదని మీ అత్తగారి భయం. ఒకేసారి ఆపేయాలా, మెల్లగా తగ్గించాలా అని మీ సందేహం. పైగా వచ్చే నెల పెళ్ళికి ఊరెళ్ళాలి. దాదాపు ఇదే వయసులో మా పాపతో మేమూ ఇదే పడ్డాం కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నానండి.

ముందు మీ అత్తగారి భయం సంగతి చూద్దాం. అన్నం తినడం లేదు కాబట్టి పాలు పడుతున్నామని ఆవిడ అంటున్నారు. నిజానికి పాలు అన్ని తాగుతున్నాడు కాబట్టే అన్నం తినడం లేదు. బాటిల్‌కి 200 మి.లీ. చొప్పున లెక్కేసుకున్నా ఐదు బాటిళ్ళంటే లీటరు. లీటరు ఆవుపాలలో 600 పైచిలుకు కేలరీలు ఉంటాయి, చిక్కటి గేదెపాలైతే ఇంకా ఎక్కువ. ఆ వయసు పిల్లలకి రోజు మొత్తానికి కావలసింది సుమారు 1000 కేలరీలు. సగానికి పైగా పాలతోనే అయిపోతోంది, అందులోనూ ఎక్కువ భాగం రాత్రి నిద్రలో. ఇక పొద్దున్నే ఇడ్లీ ముందు కూర్చోబెడితే ఎక్కడ తింటాడు? వాడు మారాం చేస్తున్నాడని మనం అనుకుంటాం, పాపం వాడికి నిజంగానే ఆకలి ఉండదు. ఏడాది దాటిన పిల్లలకి రోజుకి 400 నుంచి 500 మి.లీ. పాలు చాలని మా పిల్లల డాక్టరుగారు చెప్పారు. పెరుగు, మజ్జిగ కూడా అందులోనే లెక్క.

పాలలో ఎన్ని ఉన్నా ఇనుము మాత్రం దాదాపు లేనట్టే. పైగా పాలలోని కాల్షియం, వేరే తిండిలోంచి వచ్చే ఇనుమును కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మా పాప బొద్దుగానే ఉండేది. చూసినవాళ్ళంతా ఎంత ముద్దుగా ఉందో అనేవాళ్ళు. కానీ గోడ దగ్గర కూర్చుని గోటితో సున్నం గీకి నోట్లో పెట్టుకునేది. ఆ మాట చెప్పగానే డాక్టరుగారు పాప కింది కనురెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. కనీసం 11 ఉండాలట. ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, తెలంగాణలో 70 శాతం. పాలే దీనికంతటికీ కారణమని నేననను. కానీ లీటరు పాలు తాగుతూ అన్నం తినని పిల్లాడికి ఆ పరీక్ష ఒక్కసారి చేయించడం మంచిది. ఐరన్ చుక్కలు రాస్తే పాలతో కలిపి ఇవ్వకండి, కాస్త బత్తాయి రసంతోనో నిమ్మరసంతోనో ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. దొడ్డికి నల్లగా వెళ్తాడు, కంగారు పడక్కర్లేదు. పళ్ళకి నల్లమరకలు పట్టకుండా చుక్కలు నాలుక వెనక్కి వేసి, తర్వాత రెండు గుక్కల నీళ్ళు తాగించండి.

పళ్ళు కూడా ఇవాళే చూడండి. బాబుని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఫోన్ లైటు వేసి, పై పెదవి వేలితో ఎత్తి చూడాలి. ముందు పళ్ళ మీద, చిగుళ్ళని ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనబడితే అది పుచ్చు మొదలవుతున్న గుర్తు. అప్పుడే జాగ్రత్త పడితే ఆగుతుంది, గోధుమరంగుకి తిరిగిందంటే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. తాగిన పాలు పై పళ్ళ చుట్టూ నిలవ ఉండిపోతాయి, నోట్లోని బాక్టీరియా ఆ పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. కింది పళ్ళని నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి చాలావరకు బాగానే కనబడతాయి, అది చూసి మనం ధీమాగా ఉండిపోతాం. పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయి అనే మాట మా ఇంట్లోనూ వినబడింది. ముందు పళ్ళు ఆరేడేళ్ళ దాకా, దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలండి. నొప్పి పుడితే పిల్లాడు నమలడమే మానేస్తాడు, అప్పుడు అన్నం కథ మళ్ళీ మొదటికొస్తుంది. పాలలో పంచదార, చాక్లెట్ పొడి కలుపుతుంటే మాత్రం అది ఇవాళ్టి నుంచే ఆపేయండి, దానికి మెల్లగా అనేది అక్కర్లేదు.

ఇక మేం ఏం చేశామో చెప్తాను. నాకు అర్థమైనంతలో అసలు పని బాటిల్ దాచేయడం కాదు, పాలనీ నిద్రనీ విడదీయడం. పిల్లలు రాత్రి చాలాసార్లు సగం మెలకువకి వస్తారు. మనమూ వస్తాం, పక్కకి తిరిగి మళ్ళీ పడుకుంటాం. నోట్లో బాటిల్‌తో నిద్రపోయే పిల్లకి మెలకువ వచ్చినప్పుడు మళ్ళీ నిద్రపోవడానికి ఆ బాటిలే కావాలి. అది ఆకలి ఏడుపు కాదు. ఈ మాట అర్థమయ్యాక మాకు సగం భయం పోయింది.

మొదట పగటి బాటిళ్ళు తీసేశాం. ఇవి తేలిక, ఎందుకంటే పగలు పాపకి ఆడుకోవడానికి బోలెడుంటుంది. బాటిల్ బదులు చిన్న స్టీలు గ్లాసు. అంచు గుండ్రంగా మడిచి ఉన్నది చూసుకోండి, లేకపోతే పెదవికి గుచ్చుకుంటుంది. గ్లాసు నిండా పోయకూడదు, అడుగున రెండు వేళ్ళ ఎత్తు చాలు. గ్లాసు వాళ్ళ రెండు చేతులతో పట్టుకోనిచ్చి, అడుగున మన వేలు ఆనించి మెల్లగా ఎత్తాలి. ఒలకబోస్తారు, చొక్కా తడుపుకుంటారు, తడపనివ్వండి. గ్లాసుతో ఎప్పుడూ పొట్ట నిండా తాగరు, మనకి కావలసింది కూడా అదే. అంగట్లో దొరికే సిప్పర్లలో వాల్వు ఉన్నవి తీసుకోకండి, వాటిని బాటిల్ లాగే చీకాలి కాబట్టి అలవాటు పోదు. ప్రయాణాల్లో స్ట్రా ఉన్న కప్పు నయం.

గ్లాసు విషయంలో నాకు అండగా నిలబడింది మా అత్తయ్యే. మొదట్లో ఆవిడా మీ అత్తగారి లాగే అన్నారు. నేను వాదనకి దిగలేదు. మీ పిల్లలకి ఎలా తాగించేవారో ఒకసారి చూపించండి అత్తయ్యా అని అడిగాను. ఉగ్గుగిన్నె తీశారు. మా ఆయన తాగిన గిన్నె అది. పాపని మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, గిన్నె మూతి పెదవి మీద ఆనించి, ఒక్కో గుక్క తాగించి ఆగి, మింగాక మళ్ళీ ఇచ్చేవారు. బాటిల్ తీసేయడం ఏదో కొత్త ఫ్యాషను కాదు, మన ఇళ్ళల్లో నిన్న మొన్నటిదాకా ఉన్న పద్ధతే. ఇండియాలో పాలసీసాల ప్రకటనలని 1992 చట్టం నిషేధించింది కూడా. మీ అత్తగారిని పక్కన పెట్టి చేయకండి, ఆవిడ చేతికే గ్లాసు ఇవ్వండి. నా వరకు మిగతా చిట్కాలన్నిటికన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది.

తర్వాత పడుకునే ముందు ఇచ్చే పాలు. వాటిని మేం తీసేయలేదు, ముందుకి జరిపాం. సాయంత్రం అన్నం తొందరగా పెట్టేసి, కాసేపటికి హాల్లో, లైట్ల వెలుతురులోనే గ్లాసులో పాలు. ఆ తర్వాత పళ్ళు తోమడం (బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు), అప్పుడు పడకగది. పడకగదిలోకి పాలు రావు, ఇదొక్కటే మేం పెట్టుకున్న నియమం. సాయంత్రం బిస్కెట్లు, చిరుతిళ్ళు ఆపేశాం, లేకపోతే రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అదే గొడవ. ముద్దపప్పు, నెయ్యి, ఉడికించిన గుడ్డు, తోటకూర పప్పు, వారంలో ఒకటి రెండుసార్లు మెత్తగా చేసిన కోడి లివర్. మా పాప బాగా తిన్నవి ఇవి.

ఆఖరున అర్ధరాత్రి బాటిళ్ళు. ఇది కష్టమే, అబద్ధం చెప్పను. నీళ్ళు కలుపుతూ పల్చన చేయమని చాలామంది చెప్తారు, కొందరికి పని చేస్తుంది కూడా. మా పాప ఆ నీళ్ళపాలే రాత్రంతా చీకేది, డైపర్ నిండి ఆ తడికి మళ్ళీ లేచేది. అందుకని పలచన చేయడం మాని కొలత తగ్గించాం. రెండు మూడు రాత్రులకోసారి ముప్పై మిల్లీలీటర్లు తక్కువ పోసేవాళ్ళం. అరవైకి వచ్చాక ఆ బాటిల్ ఇక ఇవ్వలేదు, గ్లాసుతో రెండు గుక్కల మంచినీళ్ళు, అంతే.

అప్పటినుంచి కొన్నాళ్ళు పాప పక్కన మా ఆయన పడుకున్నారు. నేను పక్కన ఉంటే తనకి పాలే గుర్తొచ్చేవి. నాన్న పక్కనుంటే కాసేపు ఏడ్చి, నాన్న చొక్కా పట్టుకుని పడుకునేది. పాలు తాగేటప్పుడు మా పాపకి దిండు గలీబు మూల వేళ్ళ మధ్య నలుపుకునే అలవాటు ఉండేది. బాటిల్ పోయినా ఆ మూల ఉంచాం. నా పాత నూలు చీర ముక్క ఒకటి చేతిలో పెడితే దాని అంచు నలుపుకుంటూ నిద్రలోకి జారుకునేది. మీ బాబుకీ అలాంటిదేదో ఉండే ఉంటుంది, జుట్టు మెలేయడమో చెవి పట్టుకోవడమో. అది తీసేయకండి, రాత్రుళ్ళు వాడికి అదే ఆసరా.

ఏడుస్తాడండి. మొదటి రాత్రులు గట్టిగానే ఏడుస్తాడు. గదిలో ఒంటరిగా వదిలేసి ఏడవనివ్వడం నాకు మనసొప్పలేదు, అలా చేయనూ లేదు. ఎత్తుకుని, వీపు నిమురుతూ, పాలు పొద్దున్న తాగుదాం నాన్నా అని అదే మాట మెల్లగా చెప్తూ ఉండటమే. ఇంట్లో అందరూ అదే మాట మీద ఉండాలి. ఏడిచాడని ఒకరోజు ఇచ్చి ఇంకోరోజు ఇవ్వకపోతే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే వస్తాయేమోనని పిల్లాడు ఆశగా ఎదురుచూస్తాడు, అది వాడికే ఎక్కువ బాధ. మాకు వారం పది రోజుల్లో రాత్రులు కుదుటపడ్డాయి. అంతకన్నా ముందే పొద్దుటి ఆకలి వచ్చింది. పాప తనంతట తాను కంచం పట్టుకుని వంటగదిలోకి వచ్చిన పొద్దున మా అత్తయ్య మొహం చూడాలి!

కొన్ని చేయొద్దని గట్టిగా చెప్తాను. నిపుల్‌కి వేపాకు రసం, మిరియాల పొడి రాయడం, బూచాడు బాటిల్ ఎత్తుకుపోయాడని చీకట్లో భయపెట్టడం వద్దు. పాలతో పాటు నిద్రంటే కూడా భయం పట్టుకుంటుంది. నిపుల్ చివర కత్తిరించి ఇస్తే మానేస్తారని మాకూ ఎవరో చెప్పారు. ఆ రబ్బరు ముక్క ఊడి గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదకొస్తుంది. మధ్యలో జ్వరం వస్తే పాలు తగ్గించే పని అక్కడితో ఆపండి, కానీ తీసేసిన బాటిల్ మళ్ళీ బయటికి తీయకండి. పాలైనా ఓఆర్ఎస్ అయినా గ్లాసుతోనో చెంచాతోనో ఇవ్వచ్చు.

బాబు నెలలు నిండకుండా పుట్టినా, బరువు వయసుకి తగ్గట్టు లేకపోయినా, మింగడంలో ఇబ్బంది ఉన్నా నేను చెప్పినవి పక్కనపెట్టి ముందు డాక్టరుని అడగండి. వాళ్ళకి రాత్రి తిండి అవసరం కావచ్చు. ఇదంతా బాటిల్ పాల గురించే. తల్లిపాలు రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది, అది వేరే విషయం.

ఒకేసారా, మెల్లగానా అన్నారు కదా. పగటివి చకచకా తీసేయండి, రాత్రివి మెల్లగా. కాకపోతే రాత్రి పని పెళ్ళికి ముందు మొదలుపెట్టకండి. కొత్త చోటు, చుట్టాలందరూ ఒకే గదిలో, పిల్లాడు ఏడిస్తే పదిమంది బాటిల్ ఇచ్చేయమంటారు, చేసిందంతా పోతుంది. ఈలోగా రక్తపరీక్ష చేయించి, పళ్ళు చూపించి, పగలు గ్లాసు అలవాటు చేయండి. ఊరికి కూడా ఆ స్టీలు గ్లాసే పట్టుకెళ్ళండి. వచ్చాక, మీ ఆయనకి వరసగా నాలుగు రోజులు సెలవు దొరికే వారం చూసుకుని రాత్రివి మొదలుపెట్టండి. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా అడగండి, తప్పకుండా చెప్తాను.