టెక్ సందేహాలు: స్ప్రింగు మారిస్తే షాకబ్జర్ ఊరుకుంటుందా?

ప్రశ్న: మాది తిరుపతి. మా స్విఫ్ట్ 62,000 కిలోమీటర్లు తిరిగింది. కారు కాస్త కిందికి కూర్చుంటే బాగుంటుందని, 35 మిల్లీమీటర్లు దించే లోయరింగ్ స్ప్రింగులు చెన్నై జీపీ రోడ్డులో బేరమాడి వచ్చాను. షాకబ్జర్లు కంపెనీవే ఉంచుకోవచ్చని షాపతను అన్నాడు. మా మెకానిక్ మాత్రం వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మెకానిక్ మాటే వినండి. షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. షాకబ్జర్లు మంచి కండిషన్లో ఉండి, 20, 25 మిల్లీమీటర్లకు మించి దించకపోతే చాలా కార్లు నెట్టుకొస్తాయి. మీరు 35 అంటున్నారు, అదీ 62,000 తిరిగిన షాకబ్జర్ల మీద.

కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిందంటే అది ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జర్. లోపలి పిస్టన్ నూనెను సన్నటి రంధ్రాల గుండా తోస్తూ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఎంత గట్టిగా పట్టి ఆపాలనేది కంపెనీవాళ్లు తమ స్ప్రింగును చూసుకునే లెక్కకట్టారు. లోయరింగ్ స్ప్రింగు పొట్టిది, తక్కువ దూరంలోనే బరువును ఆపాలి కాబట్టి గట్టిగా చేస్తారు. స్ప్రింగు 30 శాతం గట్టిదైతే, ఊపు మునుపటిలాగే అణగాలంటే షాకబ్జర్ పట్టు సుమారు 14 శాతం పెరగాలి. మీ కారులో పెరగడం అటుంచి, ఉన్నదే కొంత తగ్గిపోయి ఉంటుంది. హంప్ దిగాక ఒక్క ఊపుతో నిలవాల్సిన కారు రెండుమూడు సార్లు ఎగిరెగిరి పడుతుంది.

రెండో చిక్కు పిస్టన్ ప్రయాణంతో. కారు 35 మిల్లీమీటర్లు దిగితే, గుంత వచ్చినప్పుడు పైకి కదలడానికి ఉన్న దూరం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అది అయిపోయాక మిగిలేది బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క. ఇలాగే దించిన స్నేహితుడి కారులో ఐదుగురం కొండకెళ్లొచ్చాం. దిగే దారి, అంటే 1944 నాటి పాత ఘాట్, 36 మలుపులది. మలుపుల్లో కారు ఒరగడం తగ్గిన మాట నిజమే, మావాడు మురిసిపోయాడు కూడా. కానీ మలుపు మధ్యలో రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నచోట బయటి చక్రం వైపు ‘ఠక్’మని మోగింది, స్టీరింగ్ చేతిలో చిన్నగా జారింది. రబ్బరు తగిలిన క్షణంలో సస్పెన్షన్ రాయిలా అవుతుంది, టైరు పట్టు వదిలేది అప్పుడే. కొన్ని నెలల తర్వాత చక్రం ఊడదీసి చూస్తే, షాకబ్జర్ ఒళ్లంతా అట్లపెనం అంచున పేరుకున్న జిడ్డులా నల్లగా దుమ్ము అంటుకుని ఉంది. సీలు పోయి నూనె కారిందన్నమాట.

ఇక కింద తగలడం సంగతి. మీ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు పొట్టకూ రోడ్డుకూ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు, దించాక 128. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంప్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పు ఉంటే మీ కారు ముందు, వెనక చక్రాలు రెండూ, మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి, ఒకేసారి హంప్ మీద ఉంటాయి. అప్పుడు పొట్ట కిందికి వచ్చే ఉబ్బు నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. మన వీధుల్లో సిమెంటుతో కట్టుకునే ఇరుకు హంపులు అలా కాదు. ముందు చక్రం దాటేశాక హంప్ ఎత్తు మొత్తం పొట్ట కిందే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అయినా తప్పదనుకుంటే 25 లోపు దించే స్ప్రింగులు, వాటికి జతగా చేసిన షాకబ్జర్లు కలిపి తీసుకోండి. టాప్ మౌంట్లు (షాకబ్జర్ పైకొనను బాడీకి బిగించే రబ్బరు భాగాలు), బంప్ స్టాప్‌లు కూడా అప్పుడే మార్పించండి, లేబర్ ఒకసారితో పోతుంది. ముందు చక్రాల స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే భాగం) విప్పడానికి స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. అది జారితే ప్రాణాల మీదికొస్తుంది, ఇంట్లో ప్రయోగాలు వద్దు. బిగించాక కారును లిఫ్ట్ మీద ఎత్తించి, వెనక స్ప్రింగును చేత్తో ఊపి చూడండి. వదులుగా ఆడుతోందంటే షాకబ్జర్ దానికి మరీ పొడవని అర్థం, రోడ్డు మీద స్ప్రింగు తన చోటు నుంచి తప్పిపోవచ్చు. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేదంటే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోసేద్దామనేవాళ్లుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి చూడండి.

ప్రశ్న: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను ఫోన్‌లో చూపే పరికరం) కొన్నాను. ఫోన్‌లో షాకబ్జర్ల పరిస్థితి కనిపిస్తుందా? (చిత్తూరు నుంచి)

జవాబు: కనిపించదు. మామూలు కార్ల షాకబ్జర్లలో సెన్సరే ఉండదు, స్కానర్ ఏం చదువుతుంది? కారు నాలుగు మూలల్నీ ఒక్కొక్కటిగా గట్టిగా అదిమి వదలండి. పైకి లేచి నిలిచిపోతే పర్వాలేదు, ఇంకా ఊగుతుంటే అనుమానించాలి. ఆ తర్వాత చక్రం వెనక టార్చి వేసి, నూనె తడి ఉందేమో చూడండి. స్కానర్ వృథా ఏమీ కాదు, చెక్ ఇంజిన్ లైట్ వెలిగిన రోజు పనికొస్తుంది.